తెలివి ఎక్కువంటే ఎందులో?

"మావాడికి బుర్ర లేక కాదండీ, కూర్చోడు అంతే." మన విశాఖలో ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద, మధురవాడ అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో, గాజువాక కిరాణా కొట్ల ముందు ఈ మాట వినపడని రోజుండదు. దానికి జోడీగా ఇంకో మాట ఉంటుంది: "వాళ్ల పిల్ల పుట్టుకతోనే బ్రిలియంట్ అండీ." తెలివి అనేది బ్లడ్ గ్రూపులా పుట్టినప్పుడే ఖాయమైపోతుందని, ఒకటే అన్ని పనులకీ వర్తిస్తుందని ఈ రెండు మాటల వెనకా ఒక నమ్మకం ఉంది. దాని వల్ల పిల్లలకి రెండు వైపుల నుంచీ దెబ్బే. తెలివైనవాడు అనిపించుకున్నవాడు తప్పు చెయ్యడానికి భయపడతాడు. కాదనిపించుకున్నవాడు మొదలుపెట్టడానికే భయపడతాడు. అందుకే ఒకరు మరొకరికన్నా తెలివైనవాళ్లు అన్నప్పుడు అసలు ఏం కొలిచామో, ఆ కొలత ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో వివరంగా రాస్తున్నాను.

ముందు ఐక్యూ సంగతి. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సీమోన్ కలిసి 30 అంశాలతో మొదటి పరీక్ష తయారుచేశారు. మామూలు క్లాసులో పాఠం అందుకోలేకపోతున్న పిల్లలెవరో గుర్తించి, వాళ్లకి తగిన సాయం అందించడం కోసం పుట్టిన పరీక్ష అది. పిల్లల తెలివి ఇంతేనని గీత గీసేయడాన్ని బినే గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన పోయాక 1912లో విలియం స్టెర్న్ మానసిక వయసుని అసలు వయసుతో భాగించే లెక్క తెచ్చాడు. ఇప్పుడా భాగహారం వాడటం లేదు. ఒక వయసు పిల్లల సగటుని 100 అనుకుని, 15 పాయింట్లని ఒక మెట్టుగా పెడతారు. 85 నుంచి 115 లోపు నూటికి 68 మంది ఉంటారు. 130 దాటేవాళ్లు వెయ్యికి 23 మంది.

అంటే ఐక్యూ బరువు లాంటి కొలత కాదు, వరసలో మీ స్థానం. ఈ తేడా పట్టుకోకపోతే అంకెలు మోసం చేస్తాయి. 100 నుంచి 105కి వెళ్లినవాడు వెయ్యిమంది వరసలో సుమారు 130 మందిని దాటుతాడు. 130 నుంచి 135కి వెళ్లినవాడు దాటేది పదమూడు మందిని. రెండుచోట్లా తేడా అయిదు పాయింట్లే. పైగా ఏ పరీక్షకైనా అటూఇటూగా అయిదారు పాయింట్ల ఊగిసలాట ఉంటుంది. అక్కకి 122, తమ్ముడికి 118 వస్తే అక్క తెలివైందని తేల్చేయడానికి ఆధారం లేదు. మంచి రిపోర్టులో ఒక్క అంకె కాకుండా "112 నుంచి 123 మధ్య" అని వ్యవధి రాస్తారు. అలా రాయని రిపోర్టు ఇస్తే రాసివ్వమని అడగండి.

పరీక్ష చేయించేవాళ్లు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పిల్లల పరీక్షకి గంట నుంచి గంటన్నర పడుతుంది. పొద్దున్న టిఫిన్ తిన్నాక చేయించడం మంచిది. స్కూలు, ట్యూషను అయ్యాక సాయంత్రం ఆరింటికి తీసుకెళ్తే కొలిచేది అలసటనే. కళ్లద్దాలు ఉంటే పెట్టుకునే రావాలి, ఎందుకంటే దిమ్మెలు పేర్చి బొమ్మ కట్టడం, గుర్తులు గబగబా నింపడం లాంటివి చూపు మీద, చేతి వేగం మీద ఆధారపడతాయి. అంకెలు విని తిరిగి చెప్పే భాగంలో పరీక్షకుడు సెకనుకి ఒక అంకె చొప్పున, రాగం లేకుండా చదవాలి. ఫోన్ నంబరు చెప్పినట్టు మూడేసి అంకెలు గుంపులుగా చదివితే పిల్ల స్కోరు అనవసరంగా పెరుగుతుంది.

మన దగ్గర అంతగా పట్టించుకోని విషయం ఇంకొకటుంది. ఈ అంకెల భాగంలో భాష కూడా లెక్కలోకి వస్తుంది. లోపల అనుకుంటూ నిలబెట్టుకునేది సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే. వెల్ష్ భాషలో అంకెలు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఆ భాషలో అంకెల జ్ఞాపకం తక్కువగా కనపడుతుందని 1980లోనే తేల్చారు. తెలుగులో ఎనిమిది పలకడానికి నాలుగు అక్షరాలు, ఒకటికి, నాలుగుకి, తొమ్మిదికి మూడేసి. ఇంగ్లీషులో ఒక్క సెవెన్ తప్ప తొమ్మిది దాకా అన్నీ ఒక్క పలుకే. తెలుగులో లెక్కపెట్టుకునే పిల్లనీ, ఇంగ్లీషులో లెక్కపెట్టుకునే పిల్లనీ ఒకే పట్టికలో పోలిస్తే మొదటి పిల్లకి అన్యాయం జరుగుతుంది. పిల్ల లోపల ఏ భాషలో అనుకుంటుందో పరీక్షకుడికి ముందే చెప్పండి. ఏ భాషలో పరీక్ష చేశారో రిపోర్టులో రాయించండి.

పిల్ల స్కోరుని పోల్చే సగటుల పట్టిక ఎప్పటిదన్నదీ అడగాలి. చాలా దేశాల్లో ఇరవయ్యో శతాబ్దంలో స్కోర్లు పదేళ్లకి సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరిగాయని జేమ్స్ ఫ్లిన్ 1980లలో చూపించాడు. పాత పట్టికతో పోలిస్తే ఈనాటి పిల్లలందరూ ఉన్నదానికన్నా తెలివైనవాళ్లుగా కనపడతారు. మాలిన్ మన పిల్లల కోసం 1969లో తయారుచేసిన స్కేలు ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. వెక్స్‌లర్ పరీక్షకి భారతీయ పిల్లల మీద ప్రమాణీకరించిన కూర్పు ఉంది. వీలుంటే దాన్నే అడగండి. ఏడాది తిరక్కుండా మళ్లీ అదే పరీక్ష పెట్టించవద్దు, అలవాటు వల్లనే స్కోరు పెరిగిపోతుంది. రిపోర్టు చేతికొచ్చాక మొత్తం అంకెకన్నా ముందు భాగాల వారీ అంకెలు చూడండి. మాటలకి సంబంధించిన భాగంలో 130, వేగంలో 90 వచ్చిన పిల్లకి సగటున 110 అని చెప్తే ఏ ఉపయోగమూ లేదు. ఆ పిల్లకి కావలసింది పరీక్షలో ఎక్కువ సమయం. ఇక పది నిమిషాల్లో ఐక్యూ చెప్పి, చివర్లో సర్టిఫికెట్ అమ్మే వెబ్‌సైట్ల జోలికి అసలు వెళ్లొద్దు.

ఇదంతా చదివి ఐక్యూ బూటకం అనుకోవడమూ తప్పే. ఒక రకం ప్రశ్నల్లో ముందున్నవాళ్లు మిగతా రకాల్లోనూ ముందుండే మొగ్గు ఉందని స్పియర్‌మన్ 1904లో చూపించాడు, ఆ తర్వాత వందేళ్లలో అది మళ్లీమళ్లీ రుజువైంది. స్కూలు మార్కుల గురించి, కొత్త పని ఎంత త్వరగా పట్టుబడుతుందన్నదాని గురించి ఐక్యూ కొంత చెప్పగలదు. అయితే గుంపు గురించి చెప్పినంత గట్టిగా మీ ఇంట్లో పిల్ల గురించి చెప్పలేదు. 1921లో లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియాలో సుమారు 1,500 మంది ఎక్కువ ఐక్యూ పిల్లల్ని ఎంచి జీవితాంతం గమనించే పని మొదలుపెట్టాడు. ఆ వడపోతలో పరీక్ష రాసి, స్కోరు చాలక ఎంపిక కానివాళ్లలో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. ఇద్దరికీ తర్వాత ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది, 1956లో ఒకరికి, 1968లో ఇంకొకరికి. ఎంపికైనవాళ్లలో నోబెల్ ఒక్కరికీ రాలేదు.

మన ఊళ్లో ఐక్యూకన్నా పెద్ద కొలబద్ద ఈఏపీసెట్ ర్యాంకు. అది ఏం కొలుస్తుందో అంకెల్లోనే ఉంది. ఇంజనీరింగ్ పేపరు మూడు గంటల్లో 160 బిట్లు: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో బిట్టుకి 67 సెకన్లు. ఆ వేగంతో చెయ్యాలంటే ప్రశ్న చూడగానే ఏ పద్ధతో తట్టాలి. ఆలోచించి కొత్త దారి కనిపెట్టే పిల్లకి అక్కడ చోటు లేదు. తప్పుకి మార్కు కోత లేదు కాబట్టి చివరి 20 బిట్లు కళ్లు మూసుకుని గుర్తుపెట్టినా సగటున 5 వస్తాయి. కానీ ఒకడికి 3, పక్కవాడికి 7 రావడం మామూలే. మార్కులు కిక్కిరిసిపోయే మధ్య భాగంలో ఆ నాలుగు మార్కులు వేల ర్యాంకుల తేడా తెస్తాయి. మంచి ర్యాంకు వెనక చదువు, వేగం, సహనం ఉన్నాయనడం నిజం. ముప్ఫైవేల ర్యాంకు వచ్చినవాడు ముప్ఫయ్యైదువేల ర్యాంకు వచ్చినవాడికన్నా తెలివైనవాడు అనడం మాత్రం అంకెకి లేని బరువు ఎత్తడమే.

ఇందులోనే ఇంకో చిక్కు, సెక్షన్లది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో స్కూలు ఫస్టు వచ్చిన పిల్ల ఇంటర్‌కి విశాఖ వచ్చి, వీక్లీ టెస్టులో నలభయ్యో స్థానంలో నిలబడుతుంది. పిల్ల మారలేదు, పోల్చే గుంపు మారింది. ఒకే సామర్థ్యం ఉన్న పిల్లలు బలమైన గుంపులో పడితే తమ మీద తమకి నమ్మకం తగ్గుతుందని హెర్బర్ట్ మార్ష్, జాన్ పార్కర్ 1984లో చూపించారు. ఇలాంటి పిల్లకి మొదటి మూడు నెలలు సెక్షన్ ర్యాంకు పక్కనపెట్టి, పాత పేపరు, కొత్త పేపరు పక్కపక్కన పెట్టి చూపించాలి. జులైలో 67 సెకన్లలో చెయ్యలేని లెక్కలు అక్టోబరులో ఎన్ని చేస్తోందో లెక్కపెట్టి చెప్పాలి.

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన చోటికి వద్దాం. బయటినుంచి చూస్తే అపారమైన తెలివిగా కనిపించేది చాలాసార్లు ఒకే పనికి కట్టిన యంత్రాంగం. దీనికి మనకన్నా మంచి ఉదాహరణ ఏ జాతికీ లేదు. అష్టావధానం చూడండి. ఎనిమిదిమంది అడిగేవాటికి ఒకే అవధాని అప్పటికప్పుడు జవాబు చెప్పే విద్య అది. నిషిద్ధాక్షరి, సమస్యాపూరణ, దత్తపది, వర్ణన, ఇలా నాలుగు పద్యాలు. ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదం. మధ్యలో అప్రస్తుత ప్రసంగం అడ్డుపడుతూ ఉంటుంది, మోగే గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టాలి. నాలుగు ఆవృత్తులయ్యాక పద్యాలన్నీ ధారణ చెయ్యాలి, అంటే చూడకుండా తిరిగి చదవాలి. చూసేవాళ్లు "ఏకసంథాగ్రాహి" అని దండం పెడతారు. దండం పెట్టవలసిందే, కానీ లోపల ఏం జరుగుతోందో చూస్తే గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఉత్పలమాల పాదం అంటే భ ర న భ భ ర వ గణాలు, 20 అక్షరాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. మొదటి పాదం చెప్పగానే తర్వాతి మూడు పాదాల్లోనూ రెండో అక్షరం ఏదో తేలిపోయింది. పదో అక్షరం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. గురులఘువుల నడక మారదు. అంటే అవధాని 80 విడి అక్షరాలని మొయ్యడం లేదు. నడక, ప్రాస, యతి, సమాసాలు, భావం అనే అయిదారు కొక్కేలకి తగిలించి ఉంచుతున్నాడు. ఏళ్ల తరబడి వేల పద్యాలు కంఠస్థం చేస్తే ఏర్పడిన కొక్కేలు అవి. అదే మనిషికి అర్థంలేని 80 అక్షరాలు కలగాపులగంగా చదివి చెప్పమంటే మనలాగే తడబడతాడు.

ఇదే సంగతి అమెరికాలో ప్రయోగంగా తేలింది. ఆండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ ఒక మామూలు కాలేజీ కుర్రాడి చేత సుమారు 230 గంటలు అంకెలు విని చెప్పే సాధన చేయించారు. మొదట 7 అంకెలు చెప్పగలిగినవాడు చివరికి 79 చెప్పాడు. అతను పరుగు పందేల మనిషి. వచ్చిన అంకెల్ని పందెం టైములుగా మార్చుకునేవాడు. ఆ ఫలితం 1980లో అచ్చయింది. అంకెల బదులు అక్షరాలు ఇచ్చేసరికి మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. చదరంగంలోనూ అంతే. అసలు ఆటలోని అమరికని గ్రాండ్‌మాస్టర్లు అయిదు సెకన్లు చూసి తిరిగి పేరుస్తారు. పావుల్ని ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురుగా పెడితే వాళ్ల ఆధిక్యం దాదాపు మాయమైపోతుంది. అందుకే "మెమరీ పవర్ పెంచుతాం" అనే కోర్సులకి డబ్బు కట్టేముందు, పెరిగేది దేని మెమరీ అని అడగండి.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలంపాట దగ్గర నిలబడితే ఇది ఇంకో రూపంలో కనపడుతుంది. ఒకామె చేపల గుట్ట చూసి 6,000కి పాడిందనుకోండి. కంటితోనే 25 కేజీలని అంచనా వేసింది, కేజీ 240 పడింది. ఐసు, ఆటో కలిపి 500 అయితే మొత్తం 6,500. మధ్యాహ్నం దాకా అమ్ముడుపోని అయిదు కేజీలు సగం ధరకి వదిలేయాల్సి వస్తుంది. అంటే నష్టం లేకుండా బయటపడాలంటే కేజీ 290కి తగ్గకూడదు. కాగితంపై రాస్తే బీజగణితం: 20 కేజీలు పూర్తి ధరకి, 5 కేజీలు సగం ధరకి, కలిపి 22.5 కేజీల లెక్క, 6,500ని 22.5తో భాగిస్తే 289. ఆమె పాట పెంచాలో ఆపాలో నిర్ణయించుకునేలోపే ఇదంతా చేసేస్తుంది. కొనేవాళ్లు కేజీ 480 చొప్పున 800 గ్రాములు అడిగితే "అరకేజీ 240, పావు 120, యాభై గ్రాములకి 24, మూడొందల ఎనభై నాలుగమ్మా" అంటుంది. దశాంశాల గుణకారం ఇస్తే చెయ్యలేకపోవచ్చు.

ఈ తేడాని కొలిచారు కూడా. బ్రెజిల్‌లోని రెసీఫె బజార్లలో వస్తువులు అమ్మే పిల్లలు అక్కడి లెక్కలు 98 శాతం సరిగ్గా చేశారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతం. అది 1985 నాటి మాట. 2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన పరిశోధన రెండోవైపు కూడా చూపించింది. బజారు పిల్లలు పుస్తకం లెక్కల్లో తడబడ్డారు, బడిపిల్లలు బజారు లెక్కల్లో తడబడ్డారు. ఒకరికన్నా ఒకరు తెలివైనవాళ్లన్న మాటకి ఇక్కడ అర్థమే లేదు. బడిలో టీచరు ఈ రెండింటికీ వంతెన వెయ్యొచ్చు: 480 × 0.8 బోర్డు మీద రాసేముందు "800 గ్రాములంటే ఎన్ని అరలు, ఎన్ని పావులు" అని అడగాలి. ఆ తర్వాతే దశాంశం.

ఇక, సామర్థ్యం సమానంగా ఉన్నా ఒకరి జవాబులు మరొకరికన్నా నమ్మదగినవిగా ఉండటానికి కారణమైన అలవాటు ఒకటుంది: మొదట తట్టిన జవాబుని వెంటనే నమ్మకపోవడం. పూర్ణా మార్కెట్‌లో ఒక కొబ్బరికాయ, ఒక అగ్గిపెట్టె కలిపి 44 రూపాయలు. అగ్గిపెట్టెకన్నా కొబ్బరికాయ 40 రూపాయలు ఎక్కువ. అగ్గిపెట్టె ఎంత? నాలుగు అని నోటి చివరికి వచ్చేస్తుంది. నాలుగైతే కొబ్బరికాయ 44, రెండూ కలిపి 48. సరైన జవాబు రెండు. ఈ మాదిరి ప్రశ్నలు షేన్ ఫ్రెడరిక్ 2005లో ప్రచురించాడు. పేరున్న విశ్వవిద్యాలయాల విద్యార్థులు కూడా పెద్ద సంఖ్యలో తప్పారు. లెక్క రాక కాదు. తట్టిన అంకెని తిరిగి ప్రశ్నలో పెట్టి చూడటానికి పట్టే అయిదు సెకన్లు పెట్టక.

ఇంకోటి చూడండి. నాలుగు కార్డులు, ఒక్కోదానికి ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. పైకి కనిపిస్తున్నవి: అ, క, 4, 7. నియమం: ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి. నియమం తప్పిందేమో చూడాలంటే ఏ కార్డులు తిప్పాలి? చాలామంది అ, 4 అంటారు. తిప్పవలసింది అ, 7. నాలుగు వెనక హల్లున్నా నియమం చెడదు. ఏడు వెనక అచ్చుంటే చెడుతుంది. పీటర్ వాసన్ 1966లో వేసిన ఈ చిక్కుముడిని పదిమందిలో ఒకరు సరిగ్గా విప్పితే గొప్ప. ఇప్పుడు అదే ప్రశ్న సింహాచలం బస్సెక్కిన చెకింగ్ ఇన్‌స్పెక్టరు ముందు పెట్టండి. స్టూడెంట్ పాస్ మీద వెళ్తున్నవాళ్ల దగ్గర కాలేజీ ఐడీ ఉండాలి. ఒకడి చేతిలో పాస్, ఒకడి చేతిలో టికెట్, ఒకడి మెడలో ఐడీ, ఒకడు ఐడీ లేదని ముందే చెప్పేశాడు. ఎవరిని తనిఖీ చెయ్యాలి? పాస్ చూపించినవాడినీ, ఐడీ లేనివాడినీ అని ఎవరైనా చెప్తారు. తర్కం అక్షరాలా అదే. పరిచయమున్న చోట నియమం ఎలా తప్పుతుందో కళ్లకి కనిపిస్తుంది, పరిచయం లేని చోట నియమాన్ని బలపరిచేవాటినే వెతుక్కుంటాం.

తెలివి ఎక్కువున్నవాళ్లకి ప్రత్యేకమైన ప్రమాదం ఇక్కడే ఉంది. డాన్ కాహన్ బృందం 2013లో వెయ్యికి పైగా మందికి ఒక పట్టిక ఇచ్చింది. చర్మానికి రాసే క్రీమ్ వాడినవాళ్లలో 223 మందికి దద్దుర్లు తగ్గాయి, 75 మందికి పెరిగాయి. వాడనివాళ్లలో 107 మందికి తగ్గాయి, 21 మందికి పెరిగాయి. క్రీమ్ పనిచేసినట్టా? 223 పెద్ద అంకె కాబట్టి పనిచేసిందనిపిస్తుంది. నిష్పత్తి తీస్తే వాడినవాళ్లలో 75 శాతం, వాడనివాళ్లలో 84 శాతం. క్రీమ్ లేకపోతేనే నయం. లెక్కల్లో గట్టివాళ్లు దీన్ని బాగా పట్టుకున్నారు. అవే అంకెల్ని తుపాకుల నిషేధం, నేరాల గురించిన పట్టికగా మార్చి ఇచ్చేసరికి కథ మారింది. జవాబు తమ రాజకీయాలకి నచ్చేదైతే గట్టివాళ్లు నిష్పత్తి తీశారు. నచ్చనిదైతే పైకి కనపడే అంకె దగ్గరే ఆగిపోయారు. లెక్కలు బాగా వచ్చినవాళ్లలోనే రెండు పక్షాల మధ్య దూరం ఎక్కువగా ఉంది.

స్టీలు ప్లాంటు మీదో, రాజధాని మీదో బీచ్ రోడ్డులో జరిగే ఏ చర్చలోనైనా దీన్ని గమనించవచ్చు. బాగా చదువుకున్నవాళ్లు తమకి నచ్చిన నిర్ణయానికి అందరికన్నా మంచి వాదనలు తయారుచేస్తారు. అందుకే తెలివిని అంచనా వెయ్యాలంటే మనిషి వాదన ఎంత పదునుగా ఉందో చూడటం సరిపోదని నా గట్టి అభిప్రాయం. తనకి నచ్చిన పక్షం తెచ్చిన అంకెని కూడా అదే కత్తితో కోస్తున్నాడా అన్నది చూడాలి. ఇంట్లో సాధనకి తేలిక మార్గం: పేపర్లో ఒక గణాంకం చూసినప్పుడు, అది ఎదుటి పక్షానికి లాభించేదైతే ఏ ప్రశ్నలు అడిగేవాళ్లో రాసుకుని, అవే ప్రశ్నలు ఇప్పుడూ అడగడం. ఎన్నిమందిలో ఇంతమంది? దేనితో పోల్చి? ఎప్పటినుంచి ఎప్పటిదాకా?

తనకి ఎంత తెలుసో తనకి తెలియడం ఇంకో విద్య. 1999లో డన్నింగ్, క్రూగర్ చేసిన పరీక్షల్లో అట్టడుగు పావువంతులో ఉన్నవాళ్లు, నిజానికి 12వ పర్సంటైల్ దగ్గర ఉండి (అంటే నూటికి 12 మందినే దాటి), తాము 62 దగ్గర ఉన్నామనుకున్నారు. ఇందులో కొంత గణాంకాల పద్ధతి వల్లే వచ్చేదన్న వాదన ఉంది. కానీ అంచనాకీ అసలుకీ దూరం ఉంటుందన్నది ఏ క్లాసులో చూసినా కనపడుతుంది. ఆ దూరాన్ని తగ్గించే పద్ధతి ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని గ్రూప్స్‌కి చదివేవాళ్లకైనా, ఇంటర్ పిల్లలకైనా ఒకటే.

మాక్ టెస్టు రాసేటప్పుడు ప్రతి జవాబు పక్కన ఒక అక్షరం వెయ్యండి. ఖాయమైతే "ఖా", బహుశా అనుకుంటే "బ", ఊహ అయితే "ఊ". కీ చూశాక మూడింటికీ విడివిడిగా ఎన్ని సరైనవో లెక్కపెట్టండి. ఖా అన్నవాటిలో నూటికి 95 దాకా సరిగ్గా ఉండాలి. 80 వస్తే చదువు చాలకపోవడం కాదు సమస్య, తిరిగి చూడకపోవడం. బ అన్నవి 60, 70 మధ్య ఉంటే అంచనా బాగుంది. నాలుగు ఆప్షన్లున్నప్పుడు ఊ అన్నవి 25 దగ్గర ఉండాలి. 50 వస్తోందంటే మీకు తెలిసినదానికన్నా తక్కువ తెలుసనుకుంటున్నారు, మైనస్ మార్కులున్న పరీక్షలో వదిలేస్తున్న ప్రశ్నల్లో మార్కులు పోతున్నాయి.

ఇందులో జరిగే పొరపాట్లు: కీ చూశాక అక్షరం మార్చడం, కాబట్టి పెన్నుతోనే వెయ్యాలి. భద్రంగా ఉంటుందని అన్నిటికీ బ వేసేయడం, అప్పుడు ఏమీ తెలియదు. ఒక్క టెస్టు చూసి నిర్ణయానికి రావడం. 25 ఖా ప్రశ్నల్లో రెండు తప్పడం అదృష్టం మీద కూడా ఆధారపడుతుంది. కనీసం 200 ప్రశ్నలు పోగయ్యాక అంకెలు చూడండి. తప్పిన ఖా ప్రశ్నలకి వేరే నోటుబుక్కు పెట్టి, ప్రశ్న తప్పు చదివానా, ప్లస్-మైనస్ గుర్తో యూనిటో తప్పానా, విషయమే తప్పుగా నేర్చుకున్నానా అని ఒక్క ముక్క రాయండి. మూడో రకమే అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే దాని మీద అనుమానం రాదు. "సిల్లీ మిస్టేక్" అన్న మాట ఆ నోటుబుక్కులో రాయకూడదు, దానివల్ల కారణం కనపడకుండా పోతుంది.

చదివింది మళ్లీ చదవడం వల్ల వచ్చినట్టు అనిపిస్తుంది. రోడిగర్, కార్పికీ 2006లో చూపించినట్టు, వారం తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లకి 42 శాతం గుర్తుంది, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్లకి 56. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మాత్రం మళ్లీ చదివినవాళ్లదే పైచెయ్యి. అందుకే రాత్రి చదివి పొద్దున్న వీక్లీ టెస్టు రాసే పిల్లకి తన పద్ధతి తప్పని ఎప్పటికీ తెలియదు. పుస్తకం మూసి ఖాళీ కాగితం మీద రాయడం, వేరే రంగుతో తప్పులు దిద్దడం, మర్నాడు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి చెయ్యాలి.

చివరగా పదిమందిలో ఉన్నప్పుడు. అనీటా వూలీ బృందం 2010లో 699 మందిని చిన్న గుంపులుగా చేసి రకరకాల పనులు ఇచ్చింది. గుంపు పనితనం అందులోని అత్యంత తెలివైన మనిషి స్కోరు మీద పెద్దగా ఆధారపడలేదు. ఎదుటివాళ్ల మనసు కళ్లలో చదవగలిగేవాళ్లున్న గుంపులు, మాట ఒక్కరి దగ్గరే ఉండిపోకుండా అందరికీ సమానంగా అందిన గుంపులు బాగా చేశాయి. తెలివైనవాళ్లకి ఇంకో అడ్డంకి, తమకి తెలిసింది ఎదుటివాళ్లకి ఎంత తెలియదో తట్టకపోవడం. 1990లో ఎలిజబెత్ న్యూటన్ కొందరి చేత తెలిసిన పాటల దరువు బల్ల మీద వాయింపజేసి, వినేవాళ్లని గుర్తుపట్టమంది. సగం పాటలు గుర్తుపడతారని వాయించేవాళ్లు అనుకున్నారు. 120లో మూడే గుర్తుపట్టారు. వాయించేవాళ్ల చెవుల్లో పాట మోగుతోంది, వినేవాళ్లకి టకటకలే.

కాబట్టి హాస్టల్లో నలుగురైదుగురు కూర్చుని చదివేటప్పుడు, ఆఫీసులో మీటింగులో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లో కూడా ఈ క్రమం పాటించండి. ప్రశ్న చెప్పాక మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా తలా ఒక కాగితం మీద జవాబు, కారణం రాయాలి. తర్వాత అందరికన్నా చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి, అందరూ తెలివైనవాడు అనుకునే మనిషి ఆఖర్న. ప్రశ్న అడిగినవాళ్లు జవాబు కోసం కనీసం మూడు సెకన్లు ఆగాలి. టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే వెనక బెంచీల నుంచి కూడా పొడుగాటి జవాబులు వస్తాయని మేరీ బడ్ రో 1970లలోనే చూపించింది. వివరించే మనిషి "అర్థమైందా" అని అడగకుండా, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. గుంపులో ఒకరికి భయపడే వాతావరణం ఉంటే కాగితాల మీద పేర్లు రాయించవద్దు. అన్నీ కలిపేసి ఎవరో ఒకరు వరసగా చదివితే చాలు, పది నిమిషాల పని.